ముప్పావు ఎకరం, వెనక వాలు: పదేళ్లు నమ్మకంగా నడిచే రైడింగ్ మోవర్ ఏది?

నిమ్మచెట్టు

అందరికీ నమస్కారం. కొత్త ఇంటికి మారాం, యార్డ్ పెద్దది. ఇల్లు, కార్లు పెట్టుకునే చోటు తీసేస్తే కోయాల్సిన గడ్డి ముప్పావు ఎకరం దాకా ఉంటుంది. తోసే మోవర్‌తో ఈ సీజన్ ఎలాగో నెట్టుకొచ్చాం గానీ, ఒక పక్క కోసేసరికి ఇంకో పక్క పెరిగిపోతోంది. ఇక కూర్చుని నడిపే రైడింగ్ మోవర్ తప్పదు.

స్థలం సంగతి చెప్తాను. ముందంతా చదును. వెనక వైపు వాలుగా దిగుతుంది, కింద చిన్న కాలువ ఉంది. మధ్యలో పది పన్నెండు చెట్లు. వెనక్కి వెళ్లే గేటు వెడల్పు 48 అంగుళాలు. నాతో పాటు మా నాన్నగారు కూడా నడుపుతానంటున్నారు.

స్పీడు, సోకులు నాకు అక్కర్లేదు. పదేళ్లు మొరాయించకుండా పనిచేయాలి, పార్టులు దొరకాలి. షాపులో ఒకతను హార్స్‌పవర్ చూసుకుంటే చాలన్నాడు. ఇంకొకరు ఇంజిన్ కంపెనీ ఒక్కటే చూడమన్నారు. మా కొలీగ్ అయితే జీరో టర్న్ (రెండు లీవర్లతో నడిపే, ఉన్నచోటే తిరిగే మోవర్) తప్ప ఇంకేదీ కొనొద్దంటాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. వాడుతున్నవాళ్లు చెప్పండి.

ఎకరంపైన

మీ కొలీగ్ చెప్పింది కరెక్టే బ్రో. పన్నెండు చెట్లున్నాయంటే జీరో టర్నే. చెట్టు చుట్టూ ఒక్క రౌండులో తిరిగేస్తుంది, వెనక్కీ ముందుకీ జరపక్కర్లేదు. స్టీరింగ్ చక్రం ఉండే మామూలు లాన్ ట్రాక్టర్‌తో అదే చెట్టు దగ్గర మూడు నాలుగు సార్లు రివర్స్ చేయాలి, అయినా కొంత గడ్డి మిగిలిపోతుంది. నేను ట్రాక్టర్ అమ్మేసి జీరో టర్న్‌కి మారాక మళ్లీ వెనక్కి చూడలేదు. అలవాటు కావడానికి కాస్త టైమ్ పడుతుంది, రెండు లీవర్లే స్టీరింగూ బ్రేకూ కాబట్టి. అంతే.

గట్టుదిగువ

ఎకరంపైన గారూ, ఆయన వాలు ఉందన్నారు, వాలు కింద కాలువ ఉందన్నారు. ఆ రెండూ చదివాక కూడా జీరో టర్న్ అని ఎలా అంటున్నారండీ?

మామూలు జీరో టర్న్‌కి ముందు చక్రాలు వాటంతటవే తిరిగే క్యాస్టర్ చక్రాలు, వాటికి స్టీరింగ్ ఉండదు. బండిని తిప్పేదీ ఆపేదీ వెనక చక్రాలే. వాలులో తడి గడ్డి మీద ఆ వెనక చక్రాలు జారాయంటే స్టీరింగూ బ్రేకూ రెండూ ఒకేసారి పోతాయి. బండి ముందు భాగం పల్లానికి తిరిగి అలాగే దిగిపోతుంది. మా వీధిలో ఒకాయన బండి సరిగ్గా ఇలాగే చెరువు గట్టు దిగింది. ఆయన పక్కకి దూకగలిగారు కాబట్టి బతికారు. ఆ రోజు చూసినవాళ్లం ఎవరమూ మర్చిపోలేదు.

నిమ్మచెట్టు గారూ, ముందు వాలు ఎంతుందో కొలవండి. ఆ తర్వాతే ఏ బండైనా.

బోల్టునట్టు

గట్టుదిగువ గారి మాటతో మొదలుపెడదాం. చిన్న ఇంజిన్ల రిపేర్లు చాలా ఏళ్లుగా చేస్తున్నాను, మోవర్లు రోజూ చూస్తాను. ఏది కొనాలని అడిగినవాళ్లని నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న వాలు గురించే.

కొలవడం తేలిక. ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటుంది. తిన్నని చెక్క ఒకటి వాలు మీద పరిచి, దాని మీద ఫోన్ పెడితే డిగ్రీలు చూపిస్తుంది. ఫోన్ మీద నమ్మకం లేకపోతే మీటరు పొడవున్న చెక్క తీసుకోండి. ఒక చివర నేలకి ఆనించి చెక్కని మట్టంగా పట్టుకుంటే, రెండో చివర నేలకి ఎంత ఎత్తులో ఉందో చూడండి. 27 సెంటీమీటర్లుంటే అది 15 డిగ్రీలు. రైడింగ్ మోవర్ల మాన్యువళ్లలో చాలావాటిలో పైహద్దు ఆ 15 డిగ్రీలే. కొన్ని బండ్లకి అంతకంటే తక్కువే రాస్తారు, మీరు కొనబోయేదాని మాన్యువల్ తప్పకుండా చూడండి. ఒక్కచోట కొలిచి ఊరుకోవద్దు, బాగా నిటారుగా కనిపించే చోటే కొలవాలి.

ఇంకో మాట. రైడింగ్ మోవర్‌తో వాలుని పైకీ కిందకీ కోయాలి, అడ్డంగా కోయకూడదు. తోసే మోవర్‌కి దీనికి సరిగ్గా వ్యతిరేకం, దానితో అడ్డంగానే కోయాలి. తోసే మోవర్ నుంచి మారేవాళ్లకి పాత అలవాటు ఉండిపోతుంది కాబట్టి చెప్తున్నాను.

కొలతలు పెట్టండి, మిగతాది మాట్లాడుకుందాం.

ఎకరంపైన

కాలువ సంగతి నేను అంత పట్టించుకోలేదు, ఒప్పుకుంటాను. కానీ టైమ్ సంగతి కూడా చూడాలి కదా అన్నా. ట్రాక్టర్ గంటకి నాలుగు మైళ్లు పోతే జీరో టర్న్ ఆరు ఏడు పోతుంది.

మూడోవంతు

లెక్క వేసి చూద్దాం, తేలిగ్గానే వస్తుంది. డెక్ (కింద బ్లేడ్లు తిరిగే భాగం) వెడల్పు అంగుళాల్లో, వేగం గంటకి మైళ్లలో తీసుకుని రెండూ గుణించి 99తో భాగిస్తే గంటకి ఎన్ని ఎకరాలో వస్తుంది. 42 అంగుళాల డెక్, 4 మైళ్లు అనుకుంటే 1.7 ఎకరాలు. మలుపులకీ, వరసల మీద వరస కాస్త ఎక్కించి కోయడానికీ ఐదో వంతు తీసేస్తే 1.36. అంటే ముప్పావు ఎకరానికి 33 నిమిషాలు. అదే డెక్‌తో 6 మైళ్ల వేగమైతే 22 నిమిషాలు. చెట్ల దగ్గర ఆదా అయ్యేది కూడా కలుపుకుంటే మొత్తం మీద ఒక పావుగంట తేడా వస్తుంది.

అది కూడా నేల నున్నగా ఉంటేనే. ఎగుడుదిగుడు నేల మీద 6 మైళ్ల వేగంతో వెళ్తే నడుము పట్టేస్తుంది, డెక్ ఎగిరిపడి గడ్డి మెట్లు మెట్లుగా తెగుతుంది. ఐదెకరాలు ఉన్నవాళ్లకి వేగం పెద్ద విషయం. ముప్పావు ఎకరానికి ఆ పావుగంట కోసం కాలువ పక్కన రిస్క్ తీసుకోవడం నాకు సబబు అనిపించట్లేదు.

నిమ్మచెట్టు

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం బోల్టునట్టు గారు చెప్పినట్టే చెక్క పరిచి కొలిచాను. వాలు ఎక్కువ భాగం 10 నుంచి 12 డిగ్రీలు. కాలువ దగ్గరికి వెళ్లేకొద్దీ పెరిగి, చివరి నాలుగైదు అడుగులు 18 చూపించింది. చూసిన కంటికి అంత ఉందని అనిపించలేదు!

ఆ చివరి ముక్క ఏం చేయాలి? ట్రాక్టర్ అయితే వెళ్లొచ్చా?

బోల్టునట్టు

వెళ్లొద్దు. ఏ రైడింగ్ మోవర్‌తోనూ వద్దు. ఆ 18 డిగ్రీల ముక్కని స్ట్రింగ్ ట్రిమ్మర్‌తో (చేత్తో పట్టుకుని తీగతో గడ్డి కోసేది) కోసుకోండి, లేదా అక్కడ కోత అక్కర్లేని పొట్టి మొక్కలేవైనా వేసేయండి. నీటి అంచుకీ బండికీ మధ్య కనీసం రెండు మోవర్ల వెడల్పు ఖాళీ వదలాలి. కాలువ గట్టు పైనుంచి గట్టిగా కనిపించినా లోపల నీళ్లు కోసేసి ఉండొచ్చు. బరువు పడగానే కూలిపోతుంది.

మిగతా 10, 12 డిగ్రీలకి లాన్ ట్రాక్టర్ సరిపోతుంది, గడ్డి పొడిగా ఉన్నప్పుడు. కానీ ఇక్కడే మీ అసలు ప్రశ్నకి వస్తాం. పదేళ్లు మొరాయించకూడదన్నారు కదా. మొరాయించేది ఏదో తెలుసా? జనం అనుకున్నట్టు ఇంజిన్ కాదు, ఇంజిన్ శక్తిని చక్రాలకి అందించే ట్రాన్స్‌మిషన్. ఇంజిన్‌కి ఆయిల్, గాలి ఫిల్టర్ మారుస్తూ ఉంటే ఈ రోజుల్లో ఏ పేరున్న కంపెనీదైనా చాలా ఏళ్లు వస్తుంది. బ్రిగ్స్ కానీ, కోహ్లర్ కానీ, కవాసాకీ కానీ. మా షెడ్డుకి వచ్చి, రిపేరు కంటే కొత్త బండే నయమని వదిలేసి వెళ్లేవాటిలో ఎక్కువ భాగం ట్రాన్స్‌మిషన్ పోయినవే.

ఇప్పుడొచ్చే ట్రాక్టర్లలో ఎక్కువ హైడ్రోస్టాటిక్‌వే. గేర్లు మార్చే పని లేకుండా పెడల్ తొక్కితే ముందుకి, ఇంకోటి తొక్కితే వెనక్కి. లోపల ఒక పంపు ఆయిల్‌ని తోస్తుంది, ఆ ఒత్తిడికి మోటారు తిరిగి చక్రాలని తిప్పుతుంది. దీని శత్రువు వేడి. వాలు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఆయిల్ కాగిపోయి పల్చబడుతుంది. పల్చబడిన ఆయిల్ లోపలి సందుల్లోంచి కారి ఒత్తిడి తగ్గుతుంది. మొదటి అరగంట బాగానే ఎక్కిన బండి తర్వాత అదే వాలు ఎక్కలేక ఈడుస్తుందంటే కథ మొదలైనట్టే.

టఫ్ టార్క్ కంపెనీ కె46 అనే యూనిట్ ఉంది. ఇళ్లకి అమ్మే ట్రాక్టర్లలో ఎన్నో బ్రాండ్లలో, వేర్వేరు రంగుల బండ్లలో, కింద ఉండేది ఇదే. చదును నేల మీద, గడ్డి కోయడానికే వాడితే మంచి యూనిట్. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ దానికి ఆయిల్ తీసే బోల్టు లేదు. ఆయిల్ మార్చాలంటే యూనిట్ మొత్తం బండి నుంచి దింపి తలకిందులు చేయాలి. అందుకే ఎవరూ మార్చరు. రోజూ వాలు ఎక్కించి, పైగా వెనక ట్రైలర్ తగిలించి మట్టి లాగితే అది తట్టుకోలేదు. దానికంటే బరువైన కె66 లాంటివి గార్డెన్ ట్రాక్టర్లలో (లాన్ ట్రాక్టర్ కంటే గట్టి రకం) వస్తాయి.

కాబట్టి షాపులో అడగాల్సిన ప్రశ్న "ఎన్ని హార్స్‌పవర్" అని కాదు. "ట్రాన్స్‌మిషన్ మోడల్ ఏది, దాని ఆయిల్ మార్చొచ్చా, ఫిల్టర్ ఉందా?" అని అడగండి. జవాబు చెప్పగలిగే మనిషి దగ్గర కొనండి.

పూలపొద

బోల్టునట్టు గారూ, మీ పోస్ట్ సేవ్ చేసుకున్నాను. హార్స్‌పవర్ మాట వచ్చింది కాబట్టి ఒక డౌట్. మేం చూసిన కొత్త బండ్లలో హార్స్‌పవర్ బదులు సీసీ మాత్రమే రాస్తున్నారు. ఎందుకలా?

మూడోవంతు

పూలపొద గారూ, దానికి ఒక కారణం ఉంది. లాన్ మోవర్ ఇంజిన్ల హార్స్‌పవర్ అసలు కంటే ఎక్కువ చేసి రాస్తున్నారని అమెరికాలో పలు కంపెనీల మీద కోర్టు కేసు నడిచి 2010లో రాజీతో ముగిసింది. ఆ తర్వాత చాలామంది సీసీ, టార్క్ రాయడం ఎక్కువ చేశారు. ఇప్పటికీ హార్స్‌పవర్ రాస్తే అది సాధారణంగా గ్రాస్ లెక్క. సైలెన్సరూ గాలి ఫిల్టరూ లేకుండా ఇంజిన్‌ని విడిగా పరీక్షించినప్పటి సంఖ్య. బండిలో బిగించాక దొరికేది అంతకంటే తక్కువే.

42 అంగుళాల డెక్‌కి ఒక సిలిండర్ ఇంజిన్ సరిపోతుంది. రెండు సిలిండర్లదైతే వణుకు తక్కువ, ఒత్తయిన గడ్డిలో బరువు పడినా తేలిగ్గా లాగుతుంది. బడ్జెట్ కుదిరితే రెండు సిలిండర్లది తీసుకోమంటాను. కానీ ట్రాన్స్‌మిషన్‌లో తగ్గి ఇంజిన్‌లో పెరగడం మాత్రం వద్దు.

సెకండ్‌హ్యాండ్_సారథి

కొత్తదే కొనాలా అండీ? నేను ఎప్పుడూ వాడిన బండే కొంటాను. మంచి కంపెనీ గార్డెన్ ట్రాక్టర్, బాగా చూసుకున్నది, ఇప్పటి షాపు బండి కంటే గట్టిగా ఉంటుంది. వెతికే ఓపిక ఉండాలి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో మీ కళ్లతో మీరే చూడాలి. ముందే వేడి చేసి పెట్టారంటే అనుమానించండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని. స్టార్టర్ సగం తిరిగి ఆగి, మళ్లీ ప్రయత్నిస్తే అప్పుడు తిరుగుతుంటే బ్యాటరీ బలహీనం కావచ్చు, లేదా వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర ఉండే చిన్న సందు) పెరిగిపోయి ఉండొచ్చు. వాల్వ్ సంగతైతే చిన్న పనే, బేరానికి పనికొస్తుంది.

తర్వాత డెక్ కింద చూడండి, అందరూ వదిలేసేది అదే. పైన కొత్త పెయింట్ మెరుస్తుంది, కింద స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) బిగించే చోట తుప్పు తినేసి రేకు పల్చబడి ఉంటుంది. ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు పీకేసి, గ్లవ్స్ వేసుకుని బ్లేడుని పైకీ కిందకీ కదపండి. ఊగితే స్పిండిల్ బేరింగ్ పోయినట్టు.

చివరగా బండిని కనీసం అరగంట నడిపి, వీలైతే వాలు ఎక్కించి చూడండి. బోల్టునట్టు అన్న చెప్పిన ట్రాన్స్‌మిషన్ జబ్బు ఐదు నిమిషాల్లో బయటపడదు. అమ్మేవాళ్లు అరగంట నడపనివ్వం అంటే దండం పెట్టి వచ్చేయండి.

బోల్టునట్టు

సారథి చెప్పినవన్నీ నిజం. ఒక్కటి కలుపుతాను. అవర్ మీటర్ తక్కువుందని మురిసిపోవద్దు. తక్కువ గంటలు నడిచి ఏళ్ల తరబడి పాత పెట్రోలుతో షెడ్డులో పడి ఉన్న బండి కంటే, ఎక్కువ గంటలు నడిచినా సర్వీసు రాసిపెట్టుకున్న బండి మేలు. కార్బురేటర్‌లో పెట్రోలు ఎండి జిగురు కట్టిందంటే స్టార్ట్ చేయడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

బ్యాటరీబండి

ఎవరూ ఎలక్ట్రిక్ గురించి మాట్లాడట్లేదు, అందుకే రాస్తున్నా. ముప్పావు ఎకరానికి లిథియం బ్యాటరీ రైడింగ్ మోవర్ హాయిగా సరిపోతుంది. నా దగ్గర ఉన్నది అంతకంటే పెద్ద యార్డ్ ఒకే చార్జ్‌లో కోస్తుంది. ఇంజిన్ ఆయిల్ లేదు, కార్బురేటర్ లేదు. చాలా మోడళ్లలో డెక్ బెల్టు కూడా ఉండదు, ఒక్కో బ్లేడుకీ ఒక్కో మోటారు. శబ్దం తక్కువ కాబట్టి పొద్దున్నే కోసుకున్నా ఇరుగుపొరుగు ఏమీ అనరు.

కొనేటప్పుడు బ్యాటరీ లిథియమా, లెడ్ యాసిడా అని అడగండి. లెడ్ యాసిడ్‌వి బరువు, కొన్నేళ్లకే సామర్థ్యం పడిపోతుంది, చార్జ్ ఖాళీగా వదిలేస్తే ఇంకా త్వరగా పోతాయి.

గట్టుదిగువ

బాగుంది గానీ బ్యాటరీబండి గారూ, పదేళ్ల తర్వాత ఆ బ్యాటరీ పరిస్థితి ఏంటి? అదే బ్యాటరీ అప్పటికి దొరుకుతుందా?

బ్యాటరీబండి

న్యాయమైన ప్రశ్న. ఆ కంపెనీ అదే ప్లాట్‌ఫారమ్ బ్యాటరీలని తోసే మోవర్‌కీ, ట్రిమ్మర్‌కీ, బ్లోయర్‌కీ వాడుతుంటే దొరికే అవకాశం ఎక్కువ. ఆ ఒక్క బండి కోసమే చేసిన ప్యాక్ అయితే నేనూ భయపడతాను. వాలు ఎక్కేటప్పుడు చార్జ్ త్వరగా దిగుతుందన్నది కూడా నిజమే, నిమ్మచెట్టు గారు కంపెనీ చెప్పిన ఎకరాల లెక్కని తగ్గించుకుని చూసుకోవాలి.

పూలపొద

నేను వేరే విషయం చెప్పాలి, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మా ఇంట్లో ఎక్కువగా కోసేది నేనే. కొత్తగా రైడింగ్ మోవర్ వచ్చిన ఇంట్లో అందరూ చేసే పని ఒకటుంది. పిల్లలని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పడం. దయచేసి చేయకండి. బ్లేడు ఆపేసి తిప్పినా సరే. ఒకసారి ఎక్కిన పిల్లాడికి ఆ బండి ఆటవస్తువు అయిపోతుంది. మరోసారి మీరు కోస్తుండగా ఎక్కించుకుంటారనే ఆశతో వెనకనుంచి పరిగెత్తుకొస్తాడు. ఇంజిన్ మోతలో మీకు వినపడదు. మీరు రివర్స్ వేస్తారు.

చాలా ట్రాక్టర్లలో బ్లేడు తిరుగుతుండగా రివర్స్ వేస్తే ఇంజిన్ గానీ బ్లేడు గానీ ఆగిపోతుంది. రివర్స్‌లోనూ కోయాలంటే విడిగా ఒక బటన్ నొక్కాలి, లేదా తాళంచెవి ఇంకో స్థానానికి తిప్పాలి. అది విసుగ్గా ఉందని వైరు పీకేసేవాళ్లు ఉన్నారు. సీటు కింద స్విచ్ కూడా అంతే, సీటు మీంచి లేస్తే బ్లేడు ఆగాలి. నిమ్మచెట్టు గారూ, మీ నాన్నగారు కూడా నడుపుతారన్నారు కదా. వాడిన బండి కొంటే ఈ రెండూ పనిచేస్తున్నాయో లేదో మొట్టమొదట చూడండి.

మూడోవంతు

పూలపొద గారు చెప్పింది ఎంత ముఖ్యమో ఒక అంకెతో చెప్తాను. ఇళ్లకి వాడే మోవర్లకి అమెరికాలో ఉన్న ప్రమాణం ప్రకారం బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు. అది గంటకి దాదాపు 350 కిలోమీటర్లు. ఆ కొసకి గులకరాయి తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి. కోసే ముందు ఒకసారి నడిచి రాళ్లు, కొమ్మలు, బొమ్మలు ఏరేయాలి. పిల్లల్ని లోపల ఉంచాలి.

నిమ్మచెట్టు

పూలపొద గారూ, థాంక్స్ అండీ. మా అక్క పిల్లలు సెలవులకి వస్తారు, వాళ్లు సరిగ్గా అదే అడుగుతారు. ఇప్పుడే ఇంట్లో చెప్పాను.

ఇప్పటిదాకా నాకు అర్థమైనంతలో 42 అంగుళాల లాన్ ట్రాక్టర్, ట్రాన్స్‌మిషన్ కాస్త గట్టిది. గేటు 48 అంగుళాలు కాబట్టి 42 ఇబ్బంది లేకుండా దూరుతుందనుకుంటున్నాను. 46 కూడా పడుతుందా? అలాగే డెక్ అచ్చు కొట్టిన రేకా, వెల్డింగ్ చేసినదా అని ఒకరు అడగమన్నారు. అది అంత ముఖ్యమా?

మూడోవంతు

గేటు విషయంలో జాగ్రత్త! 42 అనేది కోత వెడల్పు, బండి వెడల్పు కాదు. పక్కకి గడ్డి విసిరే రెక్క కిందకి దించి ఉంటే 42 అంగుళాల బండి మొత్తం వెడల్పు 50 దాటుతుంది. గేటు దగ్గర బ్లేడు ఆపేసి, రెక్క పైకి మడిచి పోవాలి. 46 అయితే రెక్క మడిచినా మీకు అంగుళం కూడా మిగలదు. 42 దగ్గరే ఆగండి. షాపుకి టేపు తీసుకెళ్లి కొలవండి, కరపత్రంలో అంకె నమ్మొద్దు. ఆ రెక్కని విసుగొచ్చి తీసేసి మాత్రం కోయకండి, రాళ్లు మనుషుల మీదకి రాకుండా ఆపేది అదే.

డెక్ సంగతి. అచ్చు కొట్టిన డెక్ అంటే ఒకే రేకుని ప్రెస్సులో వంచి చేసినది. దాని లోపలి వంపుల వల్ల గాలి బాగా తిరిగి గడ్డి నిలబడుతుంది, కోత బాగానే ఉంటుంది. వెల్డింగ్ డెక్ మందమైన పలకలతో చేస్తారు, వేర్లకీ రాళ్లకీ తగిలినా సొట్టపడదు. గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుందని గుర్తుంచుకోండి. 10 గేజ్ అంటే 3.4 మిల్లీమీటర్లు, 13 గేజ్ అంటే 2.3. మీ యార్డ్‌లో చెట్ల వేర్లు పైకి తేలి లేకపోతే అచ్చు డెక్ చాలు. నేను దానికంటే స్పిండిల్‌కి గ్రీజు పెట్టే నిపుల్ ఉందా అని చూస్తాను. డెక్ బేరింగుల ఆయుష్షు చాలావరకు దాని మీదే ఉంటుంది.

ఇంకా, కోత సమంగా రావట్లేదని డెక్‌ని తిట్టేవాళ్లలో చాలామంది టైర్లలో గాలి చూడరు. ఒక పక్క గాలి తగ్గితే డెక్ ఆ పక్కకి వాలుతుంది. ముందు గాలి, తర్వాత డెక్ మట్టం. చాలా ట్రాక్టర్లలో డెక్ ముందు అంచు వెనకకంటే కాస్త కిందకి, పావు అంగుళం లోపు, ఉండాలి.

ఎకరంపైన

గేటు, రెక్క విషయం నాకూ తెలియదు. మంచి పాయింట్.

నిమ్మచెట్టు బ్రో, నేను చెప్పిన జీరో టర్న్ మీ యార్డ్‌కి కాదులే. కానీ ఈ థ్రెడ్ చదివే చదును యార్డ్ వాళ్ల కోసం ఒక మాట రాసి పెడతాను. అక్కడ కూడా ట్రాన్స్‌మిషన్ ప్రశ్నే. హైడ్రో గేర్ కంపెనీ ఈజడ్‌టీ చిన్న బండ్లలో వస్తుంది, దానికి బయట ఫిల్టర్ ఉండదు. జెడ్‌టీ-2800 నుంచి పైవాటికి బయట ఫిల్టర్ ఉంటుంది, ఆయిల్ కూడా మార్చుకోవచ్చు. నాది 2800, అందుకే ఆ బండి ఎంచుకున్నాను.

సెకండ్‌హ్యాండ్_సారథి

డీలర్ సంగతి ఎవరూ రాయలేదు. ఒకే కంపెనీ పెద్ద షాపుల కోసం ఒక సిరీస్, డీలర్ల కోసం ఇంకో సిరీస్ చేయడం మామూలే. రంగూ స్టిక్కరూ ఒక్కలాగే ఉన్నా లోపల ఫ్రేమ్, యాక్సిల్, ట్రాన్స్‌మిషన్ వేరుగా ఉండొచ్చు. కాబట్టి "ఫలానా కంపెనీ మంచిది" అనే మాటకి అర్థం లేదు, "ఫలానా కంపెనీ ఫలానా మోడల్" అనాలి.

వారంటీలో బండి చెడితే ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడ బాగుచేస్తారు అని కొనకముందే అడగండి. నాకు తెలిసిన ఒకాయన బండి గడ్డి బాగా పెరిగే సీజన్‌లో చెడిపోతే, అమ్మిన షాపు సర్వీసు సెంటర్ మీదకీ, సర్వీసు సెంటర్ కంపెనీ మీదకీ నెట్టుకున్నారు. ఆయన సీజన్ అంతా మళ్లీ తోసే మోవర్ తీశాడు.

బోల్టునట్టు

దగ్గర్లో మంచి డీలర్ ఉన్నాడంటే, మోడల్ కాస్త తక్కువైనా నేను అతని దగ్గరే కొంటాను. పార్టు చేతిలో ఉన్న మనిషి ముఖ్యం.

నిమ్మచెట్టు గారూ, కొన్నాక చేయాల్సినవి కూడా చెప్పేస్తాను. కొత్త ఇంజిన్ మొదటి ఆయిల్ మార్పు 5 నుంచి 10 గంటల లోపే ఉంటుంది చాలా ఇంజిన్లకి. మొదట్లో అరిగే లోహపు పొడి అంతా ఆ ఆయిల్‌లో ఉంటుంది, దాన్ని వదిలేయకండి. ఆ తర్వాత 50 గంటలకో 100 గంటలకో మాన్యువల్ ప్రకారం. మీ యార్డ్‌కి అది ఏడాదికోసారి అవుతుంది, సీజన్ అయిపోగానే చేసేయండి.

పెట్రోలులో ఇథనాల్ 10 శాతం దాటకూడదు. నెల కంటే ఎక్కువ నిలవ ఉంచేట్టయితే పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా కొన్ని నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపండి. శీతాకాలంలో బ్యాటరీకి చిన్న మెయింటెయినర్ చార్జర్ తగిలించండి.

డెక్ మీద అంటుకున్న గడ్డిని ప్రతిసారీ బ్రష్‌తోనో బ్లోయర్‌తోనో దులిపేయండి. తడి గడ్డి డెక్‌కి అంటుకుని ఉంటే అక్కడే తుప్పు మొదలవుతుంది. నీళ్ల పైపుతో కడిగితే మాత్రం స్పిండిల్ బేరింగుల మీద నేరుగా కొట్టకండి, కడిగాక బ్లేడు రెండు నిమిషాలు తిప్పి ఆరబెట్టండి.

బెల్టు విడిగా ఒకటి కొనిపెట్టుకోండి. తెగేది ఎప్పుడూ ఆదివారమే.

నిమ్మచెట్టు

ఈరోజు ఇద్దరు డీలర్ల దగ్గరికి వెళ్లొచ్చాం, నాన్నగారిని కూడా తీసుకెళ్లాను. మొదటి చోట ట్రాన్స్‌మిషన్ మోడల్ అడిగితే "ఆటోమేటిక్ సార్" అని ఊరుకున్నారు. రెండో చోట ఆయన బండి వెనక వంగి స్టిక్కర్ చూపించి, ఇది కె46, మీకు వాలు ఉందంటున్నారు కాబట్టి దీనికి పైది చూడండి, ఆ పైదాని ఆయిల్ మార్చుకోవచ్చు అన్నాడు. సర్వీసు కూడా వాళ్ల దగ్గరే, పార్టులు వెనక గదిలో ఉన్నాయి. రెండు సిలిండర్ల ఇంజిన్, 42 డెక్, స్పిండిల్‌కి గ్రీజు నిపుల్ ఉంది. నాన్నగారు ఎక్కి దిగి చూసుకున్నారు, సీటు ఎత్తు ఆయనకి కుదిరింది. రెక్క మడిచి టేపు పెడితే గేటుకి మూడు అంగుళాల పైనే మిగులుతోంది.

అనుకున్నదానికంటే బడ్జెట్ పెరుగుతోంది, కానీ దానికే మొగ్గుతున్నాం. కాలువ పక్క ముక్కకి హద్దుగా రాళ్లు పేర్చేస్తాను, నాన్నగారు పొరపాటున కూడా అటు పోకుండా.

చివరి ప్రశ్న. మల్చింగ్ కిట్ (కోసిన గడ్డిని తుంపులు చేసి అక్కడే రాల్చేది) కూడా తీసుకోమంటున్నాడు. అవసరమా?

మూడోవంతు

హద్దుకి రాళ్లు వద్దండీ, గడ్డి పెరిగాక కనపడక బ్లేడుకి తగులుతాయి. ఎత్తుగా కనిపించే కర్రలు పాతండి.

మల్చింగ్ కిట్ మీరు ఎంత తరచుగా కోస్తారన్నదాని మీద ఉంటుంది. గడ్డి ఎత్తులో మూడో వంతుకి మించి ఒకేసారి కోయకపోతే మల్చింగ్ బాగా పనిచేస్తుంది. తుంపులు నేలలోకి దిగి ఎరువవుతాయి. మధ్యలో రెండు వారాలు వదిలేసి ఏపుగా పెరిగాక కోస్తే ముద్దలు ముద్దలుగా పడి కింద గడ్డి పసుపెక్కుతుంది, అప్పుడు పక్కకి విసిరేదే నయం. మొదటి సీజన్ కిట్ లేకుండా నడపండి, తర్వాత కావాలంటే ఎప్పుడైనా బిగించుకోవచ్చు.

బోల్టునట్టు

కిట్ డబ్బుతో అదనంగా ఒక జత బ్లేడ్లు తీసుకోండి. ఒక జత పదును పెట్టించుకునేలోపు ఇంకోటి బండి మీద ఉంటుంది. 25 గంటలకోసారి పదును చూడాలి. బ్లేడు మొండిదైతే గడ్డి తెగదు, చిరుగుతుంది, రెండో రోజుకి కొసలు తెల్లగా ఎండుతాయి. పదును పెట్టాక బ్యాలెన్స్ తప్పకుండా చూపించండి, లేకపోతే ఆ వణుకు స్పిండిల్ బేరింగుల మీద పడుతుంది. డెలివరీ రోజు ట్రాన్స్‌మిషన్ స్టిక్కర్ ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి, ఆయిల్ ఏ గ్రేడో, ఎన్ని గంటలకి మార్చాలో చూసి చెప్తాను.